చొరబడమంటే కాపలా కాసిన మనిషి

కంటి ఆసుపత్రిలో పద్నాలుగేళ్ళు ముందు కౌంటరు చూసిన ఆవిడని అందరూ చెక్‌పోస్టక్క అనేవాళ్ళు. ఊరికే అనలేదు. ఆవిడని దాటుకుని లోపలికి పోవడం చీమకైనా కష్టమే. చీటీ లేదా? కూర్చోండి. డాక్టరుగారు మీ మేనమామా? సంతోషం, ఆయన్నే వచ్చి తీసుకెళ్ళమనండి, అందాకా కూర్చోండి. ఒకసారి ఆసుపత్రి పెద్ద డాక్టరే మెడలో కార్డు లేకుండా వస్తే, "కార్డు మరిచిపోయారా సార్? ఈ పుస్తకంలో సంతకం పెట్టి వెళ్ళండి" అని పెన్ను చేతికిచ్చింది. ఆయన లోలోపల తిట్టుకుంటూ పెట్టాడు. కంటి డాక్టరై ఉండీ ఒక గడి కింద పెట్టాడని, కొట్టేయించి మళ్ళీ పెట్టించింది కూడా.

అంతటి మనిషిని ఒకరోజు ఒక పిల్ల బోల్తా కొట్టించింది. రెండు చేతుల్తో పెద్ద అట్టపెట్టె మోసుకుంటూ ఆయాసపడుతూ వచ్చింది. అయ్యో పాపం అనిపించి అక్కే లేచి వెళ్ళి తలుపు తీసి పట్టుకుంది. "థాంక్సక్కా" అనేసి ఆ పిల్ల లోపలికి వెళ్ళిపోయింది. గంట తర్వాత సూపరింటెండెంటు గదిలోంచి పిలుపు. వెళ్ళి చూస్తే ఆ పిల్ల దర్జాగా కుర్చీలో కూర్చుని ఉంది, పెట్టె బల్ల మీద ఉంది. పెట్టెలో ఉన్నవి పాత పేపర్లు. ఆసుపత్రి కంప్యూటర్లు ఎంత భద్రంగా ఉన్నాయో చూసి చెప్పమని ఆసుపత్రి వాళ్ళే రప్పించారట. ఆ పిల్ల గంటసేపట్లో రోగుల చిట్టా అంతా చూసేసిందట.

ఇంకొకరైతే ఏడ్చేవాళ్ళు. కాకపోతే ఆ పిల్లని నాలుగు దులిపేవాళ్ళు. చెక్‌పోస్టక్క మాత్రం పద్నాలుగేళ్ళలో తనని ఓడించిన మొట్టమొదటి మనిషిని ఎగాదిగా చూసి, "ఈ ఉద్యోగాన్ని ఏమంటారమ్మా?" అని అడిగింది.

"పెనిట్రేషన్ టెస్టింగ్ అంటారక్కా. యజమాని ఒప్పుకున్నాక దొంగలాగా వాళ్ళ దాంట్లోకి దూరాలి. కంప్యూటర్లోంచి దూరినా సరే, గుమ్మంలోంచి దూరినా సరే. తర్వాత ఎక్కడెక్కడ కన్నాలున్నాయో రాసివ్వాలి."

"అంటే, కాపలా వాళ్ళు ఏం చూడరో అది తెలియాలి."

"అదేనక్కా సగం పని."

ఇంకేముంది, పురుగు బుర్రలో దూరింది. ఇంటికెళ్ళి భర్తకి చెప్పింది. ఆయన చెప్పుల షాపులో సేల్స్‌మన్, ఓర్పుగల మనిషి. అయినా నవ్వు ఆపుకోలేకపోయాడు. "నువ్వా? దొంగతనమా? పక్కింటి వాళ్ళ పేపరు పొరపాటున మన గుమ్మంలో పడితే, అందినట్టు సంతకం పెట్టించుకుని ఇచ్చే మనిషివి!"

ఆయన నవ్వాడు గానీ, ఆవిడ ఏడాదిన్నర చదివింది. తెల్లారగట్ల లేచి వంటింటి బల్ల మీద పాత ల్యాప్‌టాప్ పెట్టుకుని, పక్కన కుక్కర్ కూతలేస్తుంటే నెట్‌వర్కులు నేర్చుకుంది, ఈ పనివాళ్ళు కంప్యూటర్లో వాడే లినక్స్ నేర్చుకుంది. నేర్చుకునేవాళ్ళ కోసమే కావాలని కన్నాలు పెట్టి వదిలిన సైట్లుంటాయి, వాటిలోకి దూరడం నేర్చుకుంది. దూరిన ప్రతిసారీ ఎలా దూరిందో కౌంటరు పుస్తకం రాసినంత శుభ్రంగా రాసిపెట్టుకుంది. పరీక్ష మొదటిసారి పోయింది. అత్తగారు మేడ మెట్ల మీద కూర్చుని పక్కవాటా ఆవిడకి విడమరిచి చెప్పింది: "మా కోడలు దొంగతనం పరీక్ష రాస్తోందమ్మా. మొదటిసారి తప్పింది. పట్టుబడిందో ఏమిటో పాపం."

రెండోసారి పాసైంది. పాసైన ఊపులో, ఇక కంపెనీలన్నీ తన గుమ్మం ముందు వరస కడతాయనుకుని ఆసుపత్రి ఉద్యోగం మానేసింది. తొందరపాటే, కాదనను. పంపిన దరఖాస్తులకల్లా ఒకటే జవాబు: రెండేళ్ళ అనుభవం కావాలి. అనుభవం ఎక్కడ వస్తుంది? ఉద్యోగంలో. ఉద్యోగం ఎప్పుడిస్తారు? అనుభవం ఉంటే. పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కాదు, పెళ్ళైతే గాని పిచ్చి కుదరదు! ఒక కంపెనీ ఎలాగో ఇంటర్వ్యూకి పిలిచింది. గేటు దగ్గర వాచ్‌మన్ మర్యాదగా లేచి, "మీ అబ్బాయి లోపలికి వెళ్ళాడామ్మా? పెద్దవాళ్ళు ఆ చెట్టు కింద కూర్చోవచ్చు" అన్నాడు. నలభై ఒకటో ఏట ఆ మాట పడటం కష్టమే. అయినా అతను కార్డు అడక్కుండానే మాట్లాడాడని ఆవిడకి ఎక్కువ కోపం వచ్చింది.

ఆ ఉద్యోగమూ రాలేదు. అలా ఎనిమిది నెలలు గడిచాయి. ఆసుపత్రి వాళ్ళు మంచివాళ్ళు, కబురు పెట్టారు: సోమవారం లోపల వస్తే నీ కుర్చీ నీది, తర్వాత ఇంకొకరిని పెట్టుకుంటాం. ఆ కుర్చీ మీద ఆవిడకి కోపమేమీ లేదు. కానీ చదివిందంతా మూటగట్టి అటకెక్కించి, మళ్ళీ పొద్దున్నుంచి సాయంత్రం దాకా "కూర్చోండి, కూర్చోండి" అనడానికి వెళ్ళాలంటే మనసొప్పలేదు. భర్తతో, "ఈ వారంలో ఏదీ కుదరకపోతే సోమవారం వెళ్ళిపోతానండీ" అంది. ఆయన ఈసారి నవ్వలేదు.

గురువారం ఒక ఫోన్ వచ్చింది. టైలరు షాపు మీద రెండు గదుల్లో ఇలాంటి టెస్టింగులు చేసే చిన్న సంస్థ, వెంటనే రమ్మంటే వెళ్ళింది. యజమానురాలు యాభై దాటిన బక్కపలచటి మనిషి, అందరూ మేడమ్ అంటారు. కింద కుట్టుమిషన్లు టకటకలాడుతుంటే ఆవిడ చెక్‌పోస్టక్క పంపిన కాగితాలు బల్ల మీద పరిచి, "మీరు సాధన కోసం రాసిన రిపోర్టులు చదివానమ్మా. మా వాళ్ళు రాసేవి నాకే అర్థం కావు. ఇవి మా అమ్మకి చదివి వినిపిస్తే ఆవిడకి కూడా అర్థమయ్యాయి" అంది. "అయితే రాయడం ఒకటే చాలదు, దూరడం కూడా రావాలి. రేపు ఒక బీమా కంపెనీ ఆఫీసు. మూడో అంతస్తులో వాళ్ళ పెద్ద కంప్యూటర్లుండే గది ఉంది. మధ్యాహ్నం పన్నెండు లోపల ఆ గదిలోకెళ్ళి, కంప్యూటరు బీరువా మీద ఈ ఆకుపచ్చ స్టిక్కరు అంటించి బయటికి రండి. అంటిస్తే సోమవారం నుంచి ఉద్యోగంలో చేరిపోవచ్చు."

స్టిక్కరుతో పాటు ఒక కవరు కూడా ఇచ్చింది. అందులో బీమా కంపెనీ ఛైర్మన్ సంతకంతో అనుమతి పత్రం. "మనకీ దొంగకీ ఈ కాగితమే తేడా. పట్టుబడితే తప్ప తీయకండి. ఛైర్మన్‌గారికి తప్ప అక్కడ ఇంకెవరికీ ఈ సంగతి తెలీదు." మేడమ్ చెప్పనిది ఒకటుంది. ఒక్కో చోటికి ఇద్దర్ని, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా పంపడం ఆవిడ అలవాటు.

శుక్రవారం పొద్దున తొమ్మిదింబావుకి చెక్‌పోస్టక్క బీమా కంపెనీ గాజు తలుపు నెట్టుకుని హాల్లోకి అడుగుపెట్టింది. చంకలో లావుపాటి ఫైలు, మొహం మీద ఆడిటర్ల విసుగు. "రెండో అంతస్తులో ఆడిట్‌కి వచ్చాను, ఆలస్యమైపోయింది" అనే మాట బస్సులో ముప్పైసార్లు చెప్పుకుంది. పక్క సీటాయన రెండుసార్లు "పర్లేదండీ" అన్నాడు కూడా.

తీరా చూస్తే ఆ మాట చెప్పించుకోవడానికి అక్కడ ఎవరూ లేరు. కౌంటరు వెనక కుర్చీ ఖాళీ. బల్ల మీద ఫోన్ మోగుతోంది.

కాస్త తెలివున్న దొంగైతే ఏం చేస్తాడు? దేవుడు చల్లగా చూశాడనుకుని మెట్లెక్కేస్తాడు. చెక్‌పోస్టక్క కూడా లోపలి తలుపు వైపు రెండడుగులు వేసింది. ఫోన్ మోగుతోంది. ఇంకో అడుగు వేసింది. ఇంకా మోగుతోంది. నాలుగు, ఐదు, ఆరు. ఆరుసార్లు మోగినా ఎత్తకపోతే అవతలి మనిషి ఏమనుకుంటాడు? ఎనిమిదో మోతకి ఆవిడ వల్ల కాలేదు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. చంకలో ఫైలు కౌంటరు మీద పడేసి ఎత్తింది. "నమస్కారమండీ, చెప్పండి."

ఆ ఫోన్ పెట్టేలోగా రెండోది మోగింది. నిలబడి ఎంతసేపు మాట్లాడుతుంది, కుర్చీలో కూర్చుంది. పార్సిలతను వచ్చాడు, సంతకం పెట్టి తీసుకుంది. పక్కనే సందర్శకుల పుస్తకం తెరిచి చూస్తే మంగళవారం తర్వాత ఒక్క గీతా లేదు. "ఛీ! ఇది ఆఫీసా, సంతా?" అని పైకే అనేసింది. సొరుగులో స్కేలు దొరికితే గడులు గీసింది. లోపలి తలుపు తెరిచే మీట బల్ల అంచు కిందుంటుందని ఒకరు చెప్పక్కర్లేదు, ఆవిడ చెయ్యి దానంతటదే అక్కడికెళ్ళింది. అంతే, పది నిమిషాల్లో ఆవిడ తానెందుకు వచ్చిందో శుభ్రంగా మరిచిపోయింది.

తొమ్మిదిన్నరకి సిబ్బంది గుంపుగా వచ్చారు. "కార్డు?" అంది చెక్‌పోస్టక్క. ఆ మాట వాళ్ళు ఎన్నేళ్ళకి విన్నారో గానీ, బడిపిల్లల్లా వరసలో నిలబడి జేబులు తడుముకున్నారు. కార్డు లేనివాళ్ళ చేత సంతకాలు పెట్టించింది. "కొత్తగా స్ట్రిక్టు చేసినట్టున్నారే" అనుకుంటూ పోయారు తప్ప, ఇంతకీ నువ్వెవరమ్మా అని ఒక్క మహానుభావుడూ అడగలేదు.

తర్వాత అందరికీ ఆవిడ మీద నమ్మకం కుదిరిపోయింది. టీకి వెళ్తూ నలుగురు తమ కార్డులు బల్ల మీద పెట్టి, "ఉంచండి మేడమ్, పోగొట్టుకుంటాం" అన్నారు. కంప్యూటరు సెక్షను అతను చెంప పట్టుకుని దిగి వచ్చి, "పన్ను పీకించుకోడానికి వెళ్తున్నా. మూడో అంతస్తు గది తాళం ఇది, మా వాడొస్తే ఇవ్వండి" అని తాళంచెవి చేతిలో పెట్టాడు. పై నుంచి ఒకాయన ఫోన్ చేసి, "నా కంప్యూటర్ తెరుచుకోవట్లేదు, కంప్యూటర్ వాళ్ళొస్తే చెప్పండి, పాస్‌వర్డ్ రాసుకోండి" అంటూ గడగడా చదివేశాడు.

"పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకూడదు సార్! అందులోనూ ఫోన్లో!"

"ఎవరికో చెప్తున్నానా? మీకే కదా."

ఆవిడ నుదురు కొట్టుకుని, ఆయన చెప్పింది ఒక చీటీ మీద రాసుకుని, కింద 'ఈ పాస్‌వర్డ్ వెంటనే మార్చాలి' అని రాసి, కార్డులూ తాళంచెవీ చీటీ అన్నీ భద్రంగా సొరుగులో పెట్టింది.

పదిన్నరకి నిచ్చెన భుజాన వేసుకుని ఒక ఏసీ మెకానిక్ వచ్చాడు. నీలం చొక్కా, జేబులో స్క్రూడ్రైవరు, నిర్లక్ష్యంగా నడక. నిజానికి అతను మేడమ్ సంస్థలో సీనియర్. ఇప్పటికి పదిహేడు ఆఫీసుల్లో దూరాడు, ఒక్కచోటా ఎవరూ ఆపలేదు. ఆ ధీమాతో కౌంటరు దాటబోయాడు.

"బాబూ! నిచ్చెన అక్కడ దించు. ఎవరు పిలిచారు?"

"మేనేజరుగారండి. ఏసీ సర్వీసు."

ఆవిడ అక్కడికక్కడే మేనేజరుకి ఫోన్ కలిపింది. నేను పిలవలేదన్నాడాయన. సీనియర్ నిచ్చెన దించి, "అయితే రెండో అంతస్తు వాళ్ళేమో" అన్నాడు.

"ఏమోలూ గీమోలూ కుదరవు. పని కాగితం ఉందా?"

"అదీ... నా దగ్గర ఒక పర్మిషన్ లెటరు ఉందండీ" అని చొక్కా జేబులో చెయ్యి పెట్టాడు.

"లెటర్లు ఎవరైనా అచ్చేసుకుంటారు. జేబులోనే ఉంచుకో. ఎవరు పిలిచారో కనుక్కుని చెప్తా, సోఫాలో కూర్చో."

దొంగకి తేలు కుట్టినట్టయింది పాపం అతని పని. నిజం చెప్తే పదిహేడు ఆఫీసుల పరువు పోతుంది, చెప్పకపోతే సోఫా వదలదు. నిచ్చెన కాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నాడు. సందు చూసుకుని రెండుసార్లు లేచాడు. ఆవిడ పుస్తకంలోంచి తలెత్తకుండానే, "బాబూ" అంది. రెండుసార్లూ కూర్చున్నాడు.

పావు తక్కువ పన్నెండుకి గాజు తలుపు భుజంతో నెట్టుకుంటూ ఒక అమ్మాయి వచ్చింది. చెరో చేతిలో ఒక పుస్తకాల కట్ట, మొహమంతా చెమట. తిన్నగా కౌంటరు వెనక్కి రాబోయింది.

"ఆగమ్మా. ఎవరు కావాలి?"

ఆ అమ్మాయి నిలబడిపోయింది. కుర్చీలో కొత్త మనిషిని చూసింది. కొత్తగా గీసిన గడులు చూసింది. కట్టలు రెండూ నేల మీద పెట్టేసింది. "ఎవరూ వద్దండీ... అది నా కుర్చీ" అంది. అంటూనే ఏడుపు మొదలుపెట్టింది. "నన్ను తీసేశారా? ఒక్క మాటైనా చెప్పకుండా?"

అప్పుడు తెలివొచ్చింది చెక్‌పోస్టక్కకి. గోడ మీద గడియారం చూసింది, స్టిక్కరు ఉన్న సంచి చూసింది. సొరుగులో తాళంచెవి ఉంది, ఇంకా పావుగంట టైముంది. లేచి మెట్లెక్కితే ఉద్యోగం తనదే. కానీ ఎదురుగా ఈ పిల్ల వెక్కి వెక్కి ఏడుస్తోంది. దీన్నిలా వదిలి పైకెలా పోతుంది మనిషన్నది?

"ఏడవకమ్మా, నిన్నెవరూ తీసేయలేదు. నేనే బుద్ధి గడ్డి తిని నీ కుర్చీలో కూర్చున్నాను. నేను మీ ఆఫీసుని టెస్టు చేయడానికి వచ్చిన మనిషిని. ఇదిగో పర్మిషన్ లెటరు" అని కవరు తీసింది.

సోఫాలోంచి సీనియర్ లేచాడు. అదే కవరు, అదే సంతకం. గంటంబావు కడుపులో కుక్కుకున్నదంతా ఒక్కసారి బయటికొచ్చింది. "లెటర్లు ఎవరైనా అచ్చేసుకుంటారమ్మా! జేబులోనే ఉంచుకో. రా, ఇలా సోఫాలో కూర్చో!"

ఈ గొడవకి మేనేజరు దిగి వచ్చాడు. ఆయనకి ఏ లెటరు సంగతీ తెలియదు. ఇద్దరు దొంగలు ఒకరినొకరు పట్టిచ్చుకుంటున్నారనుకుని, ఇద్దర్నీ సోఫాలో కూర్చోబెట్టి ఛైర్మన్‌కి ఫోన్ చేశాడు. చెక్‌పోస్టక్క నిచ్చెన పక్కన ముడుచుకుని కూర్చుంది. పద్నాలుగేళ్ళు జనాన్ని కూర్చోబెట్టిన మనిషికి, కూర్చోవడం ఇంత కష్టమని ఇన్నాళ్ళకి తెలిసింది.

ఛైర్మన్ దిగివచ్చేసరికి పన్నెండు దాటింది. పక్కనే మేడమ్ కూడా ఉంది. తొమ్మిదికి ముందే వచ్చి ఆయన గదిలో కూర్చుని ఎదురుచూస్తోందట. "స్టిక్కరు ఏదమ్మా?" అంది.

"సంచిలోనే ఉంది మేడమ్."

"నీది?"

"జేబులో ఉంది మేడమ్. ఈవిడ కదలనిస్తేగా!" అన్నాడు సీనియర్.

మేనేజరు ఛాతీ రెండంగుళాలు పెరిగింది. "చూశారా సార్? ఇద్దరొచ్చినా ఒక్కరూ పైకి రాలేకపోయారు. మన ఆఫీసు కట్టుదిట్టం అలాంటిది!"

ఆ మాట మటుకు చెక్‌పోస్టక్క భరించలేకపోయింది. తన ఉద్యోగం ఎలాగూ గంగలో కలిసింది, కట్టుదిట్టమట కట్టుదిట్టం! లేచి వెళ్ళి సొరుగు లాగింది. నాలుగు కార్డులు తీసి బల్ల మీద పెట్టింది. పార్సిలు పెట్టింది. పాస్‌వర్డ్ చీటీ తిరగేసి పెట్టింది. చివర్న మూడో అంతస్తు తాళంచెవి పెట్టింది. "నేను పైకి వెళ్ళలేదు సార్. అన్నీ పై నుంచే నా దగ్గరికి వచ్చాయి. దాచమని చేతికిచ్చి వెళ్ళారు. దాచాను."

మేడమ్ ఆ తాళంచెవి కేసి చాలాసేపు చూసింది. మేనేజరు ముందు తెల్లబోయాడు, తర్వాత ఎర్రబడ్డాడు. "దీనికంతటికీ కారణం కుర్చీ వదిలి వెళ్ళిన మనిషి. ఆ పేరు రిపోర్టులో మొదటి లైన్లో రాయండి. ఇవాళే తీసేస్తాం" అన్నాడు. కట్టల పక్కన నిలబడ్డ అమ్మాయి మొహంలో నెత్తురు లేదు.

"రాస్తాను సార్" అంది చెక్‌పోస్టక్క. ఒళ్ళు మండిపోతోంది ఆవిడకి. "రెండున్నర గంటలు ఈ కుర్చీలో కూర్చున్నాను. మీరు నాతో రెండుసార్లు ఫోన్లో మాట్లాడారు. గొంతు మారిందని మీకు తెలీలేదు. ఆఫీసంతా నా ముందు నుంచే వెళ్ళింది, మనిషి మారిందని ఒక్కరికీ తెలీలేదు. మీరు చెప్పండి, రాసుకుంటాను. ఏమిటి ఈ అమ్మాయి పేరు?"

మేనేజరు నోరు తెరిచాడు. ఆ అమ్మాయిని చూశాడు. "అదే... మన రిసెప్షను..." అన్నాడు. ఛైర్మన్ కేసి చూశాడు. ఆయన తన బూట్ల కేసి చూసుకుంటున్నాడు.

"నాలుగేళ్ళయింది సార్ నేను చేరి" అంది ఆ అమ్మాయి, ఎవరి కేసీ చూడకుండా. "పొద్దున ఫోన్ చేసి, రిసెప్షన్, ప్రెస్సుకెళ్ళి వార్షిక నివేదికలు పట్రా, డ్రైవరు రాలేదు అని మీరే పంపారు సార్. కౌంటరు ఎవరు చూస్తారు అని అడిగేలోపల పెట్టేశారు."

ఛైర్మన్ గొంతు సవరించుకున్నాడు. పెద్ద మనిషి, సిగ్గుపడ్డా ఎక్కడో అక్కడ దారి వెతుక్కుంటాడు. చెక్‌పోస్టక్క వైపు తిరిగి, "అమ్మా, ఇలాంటి మనిషిని నేనింతవరకూ చూడలేదు. మీరు సోమవారం నుంచి మా దగ్గర చేరిపోండి. ఈ కౌంటరు మీదే" అన్నాడు.

మళ్ళీ కౌంటరే! ఆవిడకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఎక్కడికెళ్ళినా ఆ కుర్చీయే రాసిపెట్టి ఉందా ఏమిటి తన మొహాన? కళ్ళు తుడుచుకుని, "ఆ కుర్చీలో మనిషి ఉంది సార్. ముందు ఆ పిల్ల పేరు కనుక్కోండి" అంది.

సంచి భుజాన వేసుకుని గాజు తలుపు వైపు తిరిగింది. అప్పుడు మేడమ్ గొంతు వినిపించింది, చాలా చిరాగ్గా. "ఏమిటండీ ఛైర్మన్‌గారూ, నేనిక్కడే నిలబడి ఉండగా నా ఉద్యోగికి మీరు ఉద్యోగం ఇస్తున్నారు?"

చెక్‌పోస్టక్క తలుపు మీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోయింది. 'నా ఉద్యోగి' అన్నది ఎవరినా అని, వెనక్కి తిరిగి హాలంతా ఒకసారి వెతికింది.